మదర్‌వెల్ మెట్ల మీద ముగ్గు

మా తాతగారు అనకాపల్లి నుంచి రాసే ఉత్తరాల్లో, స్కాట్లాండులో మేమున్న ఊరిని ఎప్పుడూ మదర్‌వెల్ అనలేదు. కవరు మీద తప్పదు కాబట్టి ఇంగ్లీషులో గుండ్రంగా రాసేవారు. లోపల మాత్రం "అమ్మనూతిలో మీరందరూ క్షేమమని తలుస్తాను" అనే మొదలయ్యేది. నూతిలో పడ్డవాళ్లని పైనుంచి పలకరించినట్టు ఉందని నాన్న నవ్వేవారు. ఆయన అనువాదం అక్షరాలా నిజమని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. మేరీమాత పేరున ఒకప్పుడు అక్కడ ఉన్న నుయ్యి వల్లే ఆ ఊరికి ఆ పేరొచ్చింది. నుయ్యి ఉండే వీధిని ఇప్పటికీ లేడీవెల్ రోడ్డు అంటారు. మొత్తానికి నూకాలమ్మ ఊళ్లో బయల్దేరి అమ్మ నూతి ఊళ్లో దిగాం.

నాన్న విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి 1971లో ముందు ఒక్కరే వెళ్లారు. అప్పట్లో బ్రిటన్ ఆసుపత్రులకు డాక్టర్లు చాలక మన దేశం నుంచి బోలెడంతమంది వెళ్లేవారు. పెద్ద నగరాల్లో మంచి పోస్టులు అక్కడివాళ్లకి పోగా, గనుల ఊళ్లూ మిల్లుల ఊళ్లూ మనవాళ్లకి మిగిలేవి. నాన్నకి దొరికింది కార్లూక్ దగ్గర లా హాస్పిటల్. రెండో ప్రపంచ యుద్ధం అవసరాల కోసం వరసగా షెడ్లలా కట్టిన ఆసుపత్రి అది. లా అన్నది పక్క పల్లె పేరు. ఆ సంగతి తెలియక తాతగారు, కొడుకు వైద్యం వదిలేసి ప్లీడరీలో పడ్డాడేమోనని ఆర్నెల్లు బెంగపెట్టుకున్నారు.

నేనూ అమ్మా 1973 నవంబరులో వెళ్లాం. నాకు ఐదేళ్లు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయే రోజులు. దిగిన రాత్రి అమ్మకి నిద్ర పట్టక కిటికీ తెర పక్కకి లాగింది. ఆకాశం సగం మేర ఎర్రగా వెలుగుతోంది. మబ్బుల అడుగు కూడా ఎరుపే. అమ్మ నాన్నని కుదిపి లేపి, "ఏమండీ, ఊరు తగలబడిపోతోంది" అంది. రెండు రోజుల డ్యూటీ చేసొచ్చిన మనిషి కళ్లు కూడా తెరవలేదు. "తగలబడటం కాదు, ఇనుము వండుతున్నారు. పడుకో."

ఆ వండే చోటు పేరు రేవెన్స్‌క్రెయిగ్. తెలుగులో చెప్పాలంటే బొంతకాకుల గుట్ట. ఊరివాళ్లకి మాత్రం ఉత్త 'ద క్రెయిగ్'. డేవిడ్ కోల్‌విల్ అనే ఆయన 1872లో డాల్జెల్ దగ్గర కర్మాగారం పెట్టింది మొదలు మదర్‌వెల్ ఉక్కు ఊరే. 1950ల్లో ఆ కోల్‌విల్ కంపెనీయే రేవెన్స్‌క్రెయిగ్‌ని మొదలుపెట్టింది. బొగ్గుని కోక్‌గా మార్చే ఓవెన్లు, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులు, ఉక్కు రేకులు తీసే స్ట్రిప్ మిల్లు అన్నీ ఒకచోటే. కూలింగ్ టవర్లూ, వాటి పక్కన నీలం రంగు గ్యాస్ హోల్డరూ ఊళ్లో ఎక్కడ నిలబడ్డా కనిపించేవి. దారి తప్పితే తల పైకెత్తి చూడమని నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. అనకాపల్లిలో కొండని చూసి దారి తెలుసుకున్నట్టే.

మేం అద్దెకి ఉన్నది ఎర్ర ఇసుకరాయితో కట్టిన పాతకాలం టెనెమెంటులో. వీధి గుమ్మంలోంచి రాతి నడవ, నడవ చివర రాతి మెట్లు, ఒక్కో అంతస్తుకీ రెండేసి వాటాలు. ఆ నడవనీ మెట్లనీ కలిపి 'క్లోజ్' అంటారు. మాది మొదటి అంతస్తు. ఎదురు వాటాలో ఒక ముసలి దంపతులు ఉండేవారు. ఆవిడని నేను మామ్మ అనేదాన్ని. అదేదో తన పేరుకి ఇండియన్ ఉచ్చారణ అనుకుందో ఏమో, చివరిదాకా పలికింది. ఆయన క్రెయిగ్‌లో క్రేన్ డ్రైవరు. పైన గదిలో కూర్చుని కరిగిన ఉక్కు బానని మోసుకెళ్లే పని. "సూర్యుణ్ణి పైనుంచి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే" అని గొప్పలు పోయేవాడు.

అమ్మకి ఇంగ్లీషు వచ్చు. బీఏ చదివింది. కానీ ఆ ఊరి ఇంగ్లీషు ముందు బీఏ ఏం పనికొస్తుంది? మొదటి వారంలో మామ్మ తలుపు కొట్టి, మెసేజెస్‌కి వెళ్తున్నా, నీకేమైనా కావాలా అని అడిగింది. ఎక్కడినుంచో టెలిగ్రాం వచ్చిందనుకుని అమ్మ కాళ్లు వణికాయి. తీరా చూస్తే మెసేజెస్ అంటే వెచ్చాలు. బంగాళాదుంపలూ పాలూ రొట్టె. రొట్టె ముక్కల మధ్య జామ్ పెడితే అది 'పీస్'. పిల్లలు 'వేన్స్'. ఆడవాళ్లంతా 'హెన్'. నన్ను కోడిపెట్ట అంటారేమిటని నేను కొన్నాళ్లు అలిగాను. అన్ని సీసాల కూల్‌డ్రింకులూ 'జింజర్', అందులో అల్లం ఉన్నా లేకున్నా.

అయితే కొన్ని మాటలు అమ్మకి వెంటనే అందేవి. బస్టాపులో ఎవరో "వేర్ డూ యూ స్టే?" అన్నారు. ఇంగ్లండులో ఎవరూ అలా అడగరు. లివ్ అంటారు. మనవాళ్లు మాత్రం ఎక్కడ ఉంటున్నారు అన్నదాన్ని మనసులో పెట్టుకుని స్టే అనే అంటాం కదా. అమ్మ ముఖం వెలిగింది. అడ్రసు చెప్పి, అడగకుండానే "రెండేళ్లు. అంతే" అని కూడా చేర్చింది. ఆ రెండేళ్లు ఇరవై అయిదయ్యాయి.

ఇంకో మాట 'డ్రీఖ్'. వాన పడదు, ఆగదు. ఆకాశం నేల మీద కూర్చుంటుంది. మామ్మ కిటికీలోంచి చూసి "డ్రీఖ్" అని నిట్టూర్చేది. దానికి ఇంగ్లీషులో మాటే లేదని మా స్కూల్లో టీచరు గర్వంగా చెప్పింది. నేను ఇంటికొచ్చి అమ్మకి వర్ణించాను. అమ్మ కూర తరుగుతూ తలెత్తకుండా, "ముసురు" అంది.

ముసురు లేని రోజున అందరి బట్టలూ వెనక పెరట్లో దండేల మీద ఉండేవి. ఆ పెరటిని బ్యాక్ గ్రీన్ అంటారు. బట్టలు ఆరేసే ముందు ఆడవాళ్లంతా ఆకాశం వైపు కాదు, గాలి వైపు చూసేవారు. గాలి క్రెయిగ్ వైపు నుంచి వీస్తే ఎర్రని ధూళి వచ్చి వాలేది. కిటికీ గడప మీద వేలితో రాస్తే కుంకుమ అంటినట్టు అంటుకునేది. తెల్ల దుప్పటి పొద్దున ఆరేస్తే మధ్యాహ్నానికి మళ్లీ ఉతుకుడే. దాంతోపాటు కోక్ ఓవెన్ల నుంచి కుళ్లిన గుడ్ల వాసన. నేను ఎప్పుడైనా ముక్కు మూసుకుంటే మామ్మ కసిరేది. "అది జీతాల వాసన, హెన్."

అమ్మ చీర ఆరేసిన మొదటిరోజు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆరు గజాల గుడ్డ ఒక్క దండెం చాలక రెండు దండేల మీద తిరిగింది. ఎండిన చీర మడత పెట్టడానికి అమ్మ ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి అవస్థ పడుతోంది. మామ్మ తన బుట్ట కింద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లి రెండో కొస పట్టుకుంది. చెరో కొసా పట్టుకుని వెనక్కి జరిగారు. బిగించి ఒక్క జాడింపు. పొడవు అంచులు కలిపి నిలువుగా సగానికి మడిచారు. మళ్లీ జాడింపు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపారు. మామ్మ తన చేతిలోది అమ్మ చేతికిచ్చి వంగి, కింద వేలాడే మడత అందుకుని వెనక్కి అడుగేసింది. మళ్లీ ఎదురు. ఒక్క మాట లేదు, ఒక్క తడబాటు లేదు. అక్కడి ఆడవాళ్లు దుప్పట్లు మడిచేది సరిగ్గా ఇలాగేనట. ఆఖరి మడత మీద అరచేత్తో నిమిరి మామ్మ, ఇంత పొడుగు గుడ్డ ఒంటికి చుట్టుకుని మెట్లెలా దిగుతున్నావమ్మా అని మాత్రం అడిగింది. ఆ తర్వాత చీరలు ఉతికిన రోజుల్లో అమ్మ ఎదురు తలుపు కొట్టడం, మామ్మ దుప్పట్లు ఉతికిన రోజుల్లో మా తలుపు కొట్టడం మామూలైంది.

క్లోజ్ కడిగేది వంతులవారీగా. మీ వారం వచ్చిందంటే, మెట్లు కడగటం మీ వంతు అని అచ్చేసిన అట్టముక్క మీ తలుపు గుబ్బకి వేలాడేది. అది వేలాడగానే అమ్మకి టెన్షన్. రాతి మెట్లు బకెట్టు నీళ్లతో, గట్టి బ్రష్షుతో తోమాలి. డాక్టరు భార్యవి, ఎవరికైనా డబ్బులిచ్చి చేయించుకోరాదా అని ఎవరో అన్నారు కూడా. అమ్మ వినలేదు. వాకిలి కడగటం ఒకళ్లు చేసిపెట్టే పనా?

1975 సంక్రాంతికి మా వంతు పడింది. బయట నల్లబడిన మంచు. అమ్మ తెల్లవారకుండానే లేచి మెట్లు కడిగి, కింద నడవలో రాతి పలకలు పొడిగుడ్డతో తుడిచి, నా పలక సుద్దలతో ముగ్గు వేసింది. ముగ్గుపిండి ఎక్కడ దొరుకుతుంది? సుద్దని నీళ్లలో ముంచి గీస్తే ఆరాక తెల్లగా తేలుతుందని ఆవిడ కనిపెట్టింది. చుక్కలు పెట్టి, చుట్టూ తీగ తిప్పి, మధ్యలో తామర. ఆరింటి షిఫ్టుకి వెళ్లే మగాళ్లు బూట్లతో అక్కడికొచ్చి ఆగిపోయారు. ఒకాయన గోడకి ఆనుకుని, పక్కకి కాళ్లు వేసుకుంటూ దాటాడు. మిగతా వాళ్లూ అంతే. వరసగా ఆరుగురు ఉక్కు కార్మికులు పీతల్లా అడ్డంగా నడిచి పనికి వెళ్లారు.

మామ్మ దిగొచ్చి చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్ల నొప్పితోనే కింది మెట్టు మీద కూర్చుని, అమ్మ చేతిలో సుద్ద తీసుకుంది. మెట్టు అంచు వెంబడి గోడ పక్కన మెలికలు తిప్పడం మొదలుపెట్టింది. ఒక మెలిక పైకి, ఒకటి కిందకి, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా. మెట్టు ఈ చివర నుంచి ఆ చివరకి. అమ్మ "అయ్యో, ఇది మెలికల ముగ్గు కాదూ!" అని గట్టిగా తెలుగులోనే అంది.

నిజంగానే అక్కడ అలాంటి ఆచారం ఉండేది. స్కాట్లాండు టెనెమెంట్లలో ఆడవాళ్లు మెట్లు కడిగాక పైప్‌క్లే అనే తెల్లమట్టితో అంచుల వెంట గీతలూ మెలికలూ వేసేవారు. మేం వెళ్లేనాటికి అది దాదాపు పోయింది. మామ్మ పుట్టింది బోత్‌వెల్‌హా అనే బొగ్గుగని పల్లెలో. గని వాళ్ల ఇళ్లు వరసలుగా ఉండేవట. వాళ్ల అమ్మ ప్రతి శుక్రవారం గుమ్మం కడిగి తెల్లమట్టి వేసేదట. గని మూతపడ్డాక 1960ల్లో ఆ ఊరిని పడగొట్టారు. తర్వాత అక్కడే చెరువు తవ్వి 1978లో స్ట్రాత్‌క్లైడ్ పార్కు తెరిచారు. పల్లెలో కొంత భాగం ఆ నీళ్ల కింద ఉంది. ఒక ఆదివారం మామ్మ మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్లి, పడవలు తిరిగే చోటు చూపించి, మా వీధి అదిగో అంది. ఏడుస్తుందేమో అనుకున్నా. సంచీలోంచి పీస్ తీసి నాకిచ్చింది. శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పడవలే గుర్తొస్తాయి.

ఆ తర్వాత మా వారం కానప్పుడు కూడా "నీ పువ్వు వెయ్యరాదూ" అని అమ్మని అడిగేవారు. పై అంతస్తులో ఒకావిడ మాత్రం కావాలనే చెప్పుతో రాసేసి వెళ్లేది. ఒకటి రెండు సార్లు చూశాక మామ్మ పైకెళ్లింది. ఏం మాట్లాడిందో మాకు వినిపించలేదు, తలుపు వేసిన చప్పుడు మాత్రం క్లోజంతా మోగింది. ఆవిడ మళ్లీ రాయలేదు, మాతో మాట్లాడనూ లేదు. అందరూ మామ్మలే ఉన్నారని చెప్పను. స్కూలు నుంచి వచ్చే దారిలో నన్ను పిలిచిన పేర్లు ఇక్కడ రాయను. ఒకసారి వెనకనుంచి విసిరిన మంచుగడ్డలో రాయి ఉంది. నుదుటి మీద మచ్చ ఇప్పటికీ బొట్టు కింద దాక్కుంటుంది.

ఆటలంటే చెప్పాలి. 'పీవర్' అనే ఆట ఉండేది. పేవ్‌మెంటు మీద సుద్దతో గళ్లు గీసి, ఖాళీ బూట్‌పాలిష్ డబ్బాని ఒంటికాలితో నెట్టుకుంటూ పోవడం. తొక్కుడుబిళ్ల! పెంకుకి బదులు డబ్బా, అంతే. మేం ఆడుతుంటే అమ్మ పైనుంచి చూసి చూసి, ఒకరోజు ఉండబట్టలేక దిగొచ్చి, కుచ్చిళ్లు పైకి దోపి, ఎనిమిది గళ్లూ ఒక్క తప్పు లేకుండా గెంతింది. వీధిలో నా పరపతి పెరిగిపోయింది.

మధ్యలో ఆకలేస్తే ఎవరూ పైకి ఎక్కేవారు కాదు. కింద నుంచి కేక వేస్తే అమ్మలు కిటికీలోంచి పీస్ కాగితంలో చుట్టి విసిరేవారు. మా అమ్మ రొట్టె కాగితంలో అట్టు చుట్టి విసిరింది. అట్టు గాల్లో విడిపోయి మా పక్క వీధి కుర్రాడి నెత్తిన పడింది. వాడు తీసుకుని తినేశాడు. మర్నాటి నుంచి మా కిటికీ కింద ముగ్గురు నిలబడేవారు.

ఐరన్‌బ్రూ అనే నారింజ రంగు డ్రింకు ఇనుప గర్డర్లతో చేస్తారని అప్పట్లో ప్రకటన వచ్చేది. అది క్రెయిగ్‌లోనే తయారవుతుందని నా గట్టి నమ్మకం. నిజానికి అందులో ఇనుప లవణం 0.002 శాతం. ఖాళీ సీసాలు కొట్లో తిరిగిస్తే చిల్లర ఇచ్చేవారు. మా జేబు ఖర్చు అదే.

చక్కగా నడిచే ఇల్లు ఎప్పుడు తెలుస్తుందంటే, మధ్యాహ్నం తెరలు మూసి ఉన్నప్పుడు. నైట్ షిఫ్టు చేసొచ్చి మగాయన పడుకున్నాడని అర్థం. ఆ కిటికీ కింద బంతి ఆడకూడదు. మా ఇంటికీ అదే లెక్క. నాన్న కూడా రాత్రి డ్యూటీలే. ఎదురెదురు వాటాల్లో ఇద్దరు మగాళ్లూ పగలు గుర్రుపెడుతుంటే అమ్మా మామ్మా తలుపులు తెరిచి గుసగుసగా మాట్లాడుకునేవారు. వాళ్ల స్నేహమంతా గుసగుసల్లోనే పెరిగింది.

1980 జనవరి 2న ఉక్కు సమ్మె మొదలైంది. దేశమంతా. మూడు నెలలు. ఎర్ర ఆకాశం ఆరిపోయి నాకు నిద్ర పట్టలేదు. నా బెడ్‌లైటు ఎవరో తీసేసినట్టు ఉండేది. ఎదురు వాటాలో చిమ్నీ పొగ కూడా సన్నబడింది. బొగ్గు కొనడం తగ్గించేశారు. సాయం అంటే మామ్మ ఒప్పుకోదు. అమ్మ ఉపాయం పన్నింది. నాకు కొలతలు ఇంకా అలవాటు కాలేదు, పప్పు ఎక్కువైపోయింది అని గిన్నె పట్టుకెళ్లేది. ఆరేళ్లుగా అక్కడే ఉన్న మనిషికి కొలతలు రాకపోవడమేమిటి? మామ్మకి తెలుసు. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. నాలుగు బంగాళాదుంపలు. ఒకసారి అల్లిన చేతి తొడుగులు. ఒకసారి టాబ్లెట్. మాత్ర కాదు, మిఠాయి. పంచదార, వెన్న, డబ్బా పాలు కలిపి మరిగించి, పొయ్యి మీంచి దించి, చెయ్యి పడిపోయేదాకా గిలకొడితే పలుకు కడుతుంది. పళ్లెంలో పోసి ఆరాక ముక్కలు కొయ్యాలి. పంచదార ఎక్కువైన పాలకోవా లాగా నోట్లో కరకరమని విరిగి కరిగిపోతుంది. సమ్మె రోజుల్లో అంత పంచదార ఎక్కడిదని అమ్మ ఆ పళ్లెం ముందు చాలాసేపు కూర్చుంది.

1984 గని కార్మికుల సమ్మె ఇంకోలా గుచ్చుకుంది. ఫర్నేసులు ఆరితే మళ్లీ వెలగవని ఉక్కువాళ్ల భయం. బొగ్గు వెళ్తే మా సమ్మె ఓడిపోతుందని గనివాళ్ల కోపం. బొగ్గు లారీలు బారులు తీరి క్రెయిగ్‌కి వెళ్లేవి. మామ్మ తమ్ముడు గని మనిషి. ఆ ఏడు క్రిస్మస్‌కి ఆయన రాలేదు. పై ఏడూ రాలేదు. అంతకంటే వాళ్ల గురించి మాట్లాడే హక్కు నాకు లేదు.

మదర్‌వెల్ ఫుట్‌బాల్ టీముని స్టీల్‌మెన్ అంటారు. వాళ్ల రంగులు ముదురు ఎరుపు, పసుపు. పుట్టినరోజుకి తాతయ్య, అంటే మామ్మ భర్త, నాకు ఆ మఫ్లర్ తెచ్చిస్తే అమ్మ అందుకుని కళ్లకద్దుకుంది. "పసుపు కుంకుమ" అంది. ఆ ఊళ్లో ఆకుపచ్చా నీలమూ అంటూ గ్లాస్గో టీముల పేరు మీద, మతం పేరు మీద తన్నుకునేవాళ్లు ఉన్నారు. పసుపు కుంకుమ వేసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. 1991 మే 18న స్కాటిష్ కప్ ఫైనల్లో మదర్‌వెల్ డండీ యునైటెడ్‌ని 4-3తో ఓడించింది. 1952 తర్వాత మళ్లీ అదే. ఆ రెండు టీముల మేనేజర్లూ అన్నదమ్ములు. గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న నేను ఆ రాత్రి మఫ్లర్ వేసుకుని రైలెక్కాను. ఊరంతా వీధుల్లోనే ఉంది. అప్పటికే స్ట్రిప్ మిల్లు మూతపడింది, మిగతాది కూడా ఎక్కువ రోజులు ఉండదని అందరికీ తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచారేమో.

1992 జూన్ 24న రేవెన్స్‌క్రెయిగ్ ఆగిపోయింది. చివరికి మిగిలిన 770 మందిలో మామ్మ కొడుకు ఒకడు. తాతయ్య అప్పటికి రిటైరయి చాలా కాలమైంది. ఆ సాయంత్రం ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఏమీ అనలేదని అమ్మ ఫోనులో చెప్పింది.

ఆ ఆగస్టులో మా పిన్ని కూతురి పెళ్లికి అందరం విశాఖ వచ్చాం. దిగిన రోజు ఎక్కడ చూసినా ఉక్కు కబుర్లే. ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మా బాబాయి 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ లాఠీ దెబ్బలు తిన్న మనిషి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు బాబాయి గాజువాక వైపు చెయ్యి చూపించి, అదిగో చూడండి అన్నాడు. దూరంగా ఆకాశం కింద ఎర్రటి చార. గోదావరి అని పేరు పెట్టిన ఫర్నేసు సంగతి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి "38 రోజులు" అన్నారు. బాబాయికి అర్థం కాలేదు. అమ్మ అటు తిరిగి పడుకుని, "వండుతున్నార్లెండి" అంది.

ఆ మరుసటేడు నా పెళ్లి. అప్పటి నుంచి విశాఖలోనే. కూలింగ్ టవర్లనీ గ్యాస్ హోల్డర్నీ 1996 జూలైలో పేల్చేసినప్పుడు అమ్మా మామ్మా కలిసి వెళ్లి చూశారట. ఉత్తరంలో అమ్మ రాసింది: "కూలిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు, తర్వాత ఎందుకు కొట్టామా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ధూళి ఇంటిదాకా వచ్చింది. గుమ్మం మళ్లీ కడిగాను."

అసలు సంగతి ఒకటి మిగిలిపోయింది. డిసెంబరు 31. అక్కడ క్రిస్మస్ కంటే అదే పెద్ద పండగ, హాగ్మనే అంటారు. అర్ధరాత్రి పన్నెండు కొట్టాక గడప దాటి వచ్చే మొదటి మనిషిని బట్టి ఏడాదంతా ఉంటుందని నమ్మకం. మనం ఎదురు చూసుకుని బయల్దేరినట్టే. వచ్చేవాడు మగవాడై, నల్ల జుట్టువాడై ఉండాలి. చేతిలో బొగ్గు ముక్క ఉండాలి. ఎర్ర జుట్టువాళ్లు ఎక్కువున్న ఆ వీధిలో మా నాన్న నిగనిగలాడే నల్ల జుట్టుతో దిగితే ఊరుకుంటారా? మొదటి ఏడు మామ్మ అడిగింది. రెండో ఏడు క్లోజంతా. తర్వాత పక్క క్లోజుల నుంచి కూడా పిలుపులు. డ్యూటీ లేని ఏడు నాన్న పదకొండూ యాభై అయిదుకి కోటూ టోపీ వేసుకుని, బొగ్గు జేబులో పెట్టుకుని, చలిలో వీధిలో నిలబడేవారు. గంటలు మోగగానే ఒక్కో తలుపూ. ప్రతి ఇంట్లో విస్కీ ఇవ్వబోతే నాన్న వద్దని అల్లం షర్బత్తు పుచ్చుకునేవారు. తొమ్మిది ఇళ్లయ్యేసరికి కడుపులో మంట. "లాంగ్ మే యెర్ లమ్ రీక్" అని దీవించుకునేవారు. మీ పొగగొట్టం కలకాలం పొగలు కక్కాలి అని. ఆసుపత్రిలో ఆ దుమ్ము ఊపిరితిత్తులతోనే రోజంతా గడిపే నాన్న, ఆ దీవెన ఇచ్చి నవ్వాపుకోలేక దగ్గేవారు.

1998లో అమ్మా నాన్నా శాశ్వతంగా వచ్చేస్తున్నప్పుడు మామ్మ ఒక బొగ్గుముక్క న్యూస్‌పేపర్లో చుట్టి నాన్న చేతిలో పెట్టింది. తాతయ్య అప్పటికి లేడు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కుర్రాడు పొట్లం విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటండీ?"

"బొగ్గు."

"మన దగ్గర లేదా సార్? సింగరేణి ఉందిగా."

"ఇది శకునానికి బాబూ" అన్నారు నాన్న. కుర్రాడు ఇంకేమీ అడక్కుండా జాగ్రత్తగా మళ్లీ చుట్టి ఇచ్చాడు. శకునం అన్నాక అడిగేదేముంది?

ఆ ముక్క ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది. నాన్న ఉన్నంతకాలం, జుట్టుకి రంగేసుకుని మరీ, ఆయనే పట్టుకుని గడప దాటారు. తర్వాత మా ఆయన వంతు. ఆయనకీ నెరిసిపోయి, రంగు వేసుకోను పొమ్మన్నాక, పై వాటాలో అద్దెకున్న ఇంజినీరింగ్ కుర్రాణ్ణి బతిమాలుకున్నాను. మొన్న డిసెంబరు 31 రాత్రి అమ్మ కుర్చీ వేయించుకుని గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. బయట మెట్ల మీద వాడు ఒక చేతిలో బొగ్గు, ఒక చేతిలో ఫోనుతో నిలబడ్డాడు. ముగ్గు తొక్కకుండా గోడకి ఆనుకుని ఉన్నాడు పాపం.

"ఆంటీ, పన్నెండయింది. రావచ్చా?"